థెరపీ కేంద్రం గుమ్మం దగ్గర రోజూ ఏడుస్తున్నాడు: కొనసాగించాలా, మానిపించాలా?

ప్రశ్న
రాసినవారు: గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

సభ్యులందరికీ నమస్కారం. మా బాబుకు నాలుగేళ్ల మూడు నెలలు. మూడో పుట్టినరోజు దాటిన కొద్ది వారాలకు విశాఖపట్నంలో పిల్లల ఎదుగుదల నిపుణురాలు పరీక్షించి ఆటిజం అని చెప్పారు. వాడు సొంతంగా వాడే మాటలు ఈ రోజుకు ఏడో ఎనిమిదో ఉంటాయి. టీవీలో విన్న ప్రకటనను మాత్రం, ఆ గొంతులోని ఎత్తుపల్లాలతో సహా, మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పగలడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు గాని, ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడుకు పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తాడు.

ఎనిమిది నెలలుగా ఊళ్లోనే ఒక థెరపీ కేంద్రానికి తీసుకెళ్తున్నాను. రోజుకు మూడు గంటలు, వారానికి ఐదు రోజులు. గంటకు 600 చొప్పున నెలకు 36,000 రూపాయలవుతోంది. అది మా వారి జీతంలో సగానికి పైమాటే. అందులో స్పీచ్ థెరపీ కొద్దిగా, మిగిలినదంతా బిహేవియర్ థెరపీ (బహుమతులు ఇస్తూ ప్రవర్తనను, పనులను నేర్పే పద్ధతి). తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. మేము కనిపిస్తే పిల్లవాడి దృష్టి చెదురుతుందని అంటారు. పోయిన నెల ఒక రోజు అరగంట ముందుగా వెళ్లాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. బాబును కుర్చీలో కూర్చోబెట్టి, లేవకుండా బల్లను పొట్టకు ఆనేదాకా జరిపి, ఎదురుగా కూర్చున్న అమ్మాయి వాడి గడ్డం పట్టుకుని ‘నన్ను చూడు’ అని చెబుతోంది. చూస్తే జంతిక ముక్క పెడుతోంది, చూడకపోతే మళ్లీ ‘నన్ను చూడు’ అంటోంది. నేను నిలబడిన కాసేపట్లో ఇరవైసార్లకు పైగా ఆ మాట విన్నాను.

రెండు నెలలుగా కేంద్రం గుమ్మం దగ్గర ఏడుపు మొదలైంది. అంతకంటే నన్ను కంగారు పెడుతున్నది ఇంకొకటి ఉంది. ఇంటి దగ్గర స్కూటర్ తాళం చేతిలోకి తీసుకునేసరికి వాడు ముంజేతిని కొరుక్కుంటున్నాడు. ఆ చోట చర్మం కాయ కాచింది. కేంద్రం వారిని అడిగితే మొదట్లో అందరూ ఏడుస్తారని, పట్టించుకోకపోతే అదే తగ్గుతుందని, ఐదేళ్లు నిండేలోపు చేయించకపోతే తర్వాత ఎంత చేసినా ఫలితం ఉండదని చెబుతున్నారు. మా అత్తగారేమో వాళ్ల నాన్నకూ నాలుగేళ్లు నిండాకే మాటలు వచ్చాయని, వస అరగదీసి తేనెతో నాకిస్తే చాలని, ఈ డబ్బంతా గోదారిలో పోస్తున్నామని అంటున్నారు. కొనసాగించి తప్పు చేస్తున్నానో, మానిపిస్తే తప్పు చేసినదాన్ని అవుతానో తెలియడం లేదు. ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పగలరు.


జవాబు 1
రాసినవారు: ఓరుగల్లు అమ్మ, హనుమకొండ

అమ్మా, మా అబ్బాయికి ఇప్పుడు పదహారేళ్లు. మానిపించాలా వద్దా అన్నది తర్వాతి మాట. ఆ గదిలో ఏం జరుగుతోందో దగ్గర కూర్చుని చూడకుండా ఇంకో నెల డబ్బు కట్టకండి. రోజూ కాకపోయినా వారానికి ఒక గంటయినా తల్లిని లోపల కూర్చోనివ్వని కేంద్రం వల్ల మీకు ఒక పెద్ద నష్టం ఉంది. అక్కడ నేర్పిన పద్ధతి మీకు తెలియదు కాబట్టి అది ఇంటికి రాదు. మీ బాబు మేలుకుని ఉండే పన్నెండు గంటల్లో తొమ్మిది గంటలు మీ దగ్గరే ఉంటాడు కదా.

ఐదేళ్ల గడువు గురించి కూడా ఒక మాట. చిన్న వయసులో మొదలుపెట్టడం మంచిదన్నది నిజమే, దాన్ని నేను కాదనను. కాని ఐదో పుట్టినరోజు నాడు తలుపులు మూసుకుపోతాయన్నది తల్లులను భయపెట్టి ఫీజు కట్టించుకునే మాట. మావాడు పదకొండో ఏట సైకిల్ నేర్చుకున్నాడు. పోయిన సంవత్సరం నుంచి ఉప్మా చేస్తున్నాడు, ఉప్పు మాత్రం ఇప్పటికీ నేనే వేయాలి.

నేను కూడా మొదటి మూడేళ్లు ‘నన్ను చూడు’కే ఖర్చు పెట్టాను. దానివల్ల వాడికి ఏం వచ్చిందంటే, మనుషుల ముఖం వైపు చూసి వెంటనే చెయ్యి చాచడం వచ్చింది. చివరికి నాకు ఉపయోగపడింది చొక్కా గుండీల పాఠం. దాన్ని నాకు నేర్పింది అప్పట్లో మా దగ్గరకు వచ్చిన ఒక స్పెషల్ ఎడ్యుకేటర్. గుండీలన్నీ నేనే పెట్టి, అడుగున ఉన్న ఒక్క గుండీని సగం కాజాలోకి దూర్చి, మిగతా సగం వాడి చేత లాగించేదాన్ని. పదిహేను రోజులయ్యాక ఆ గుండీ మొత్తం వాడికే వదిలాను. తర్వాత దాని పైది, ఆ తర్వాత దాని పైది. మెడ దగ్గరి గుండీ దాకా వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. పనిని మొదటి నుంచి నేర్పినప్పుడు మధ్యలో విసిగి చొక్కా విసిరేసేవాడు. చివరి నుంచి నేర్పినప్పుడు పని పూర్తయిన తృప్తి ప్రతిసారీ వాడికే దక్కింది. ఇది కూడా బిహేవియర్ థెరపీయేనట, ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.


జవాబు 2
రాసినవారు: రిహాబ్ సైకాలజిస్ట్, సికింద్రాబాద్

బాబును చూడకుండా వాడి గురించి తీర్పు చెప్పడం సరికాదు కనుక, పద్ధతి గురించి మాత్రమే రాస్తాను. మీరు తలుపు సందులోంచి చూసినదానికి ఒక చరిత్ర ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఐవార్ లోవాస్ అనే మనస్తత్వవేత్త చిన్న పిల్లలకు వారానికి 40 గంటల చొప్పున, ఒక్కొక్క నైపుణ్యాన్నీ చిన్న ముక్కలుగా విడగొట్టి, ఆజ్ఞ, జవాబు, బహుమతి అనే క్రమంలో నేర్పించి, ఆ ఫలితాలను 1987లో ప్రచురించారు. 19 మందిలో 9 మంది సాధారణ పాఠశాలలో ఒకటో తరగతి పూర్తి చేశారని, వారి తెలివితేటల కొలతలు కూడా సాధారణ స్థాయికి వచ్చాయని అందులో రాశారు. ప్రపంచమంతటా తల్లిదండ్రులకు ఆశ కల్పించినది ఆ అధ్యయనమే. అయితే ఏ పిల్లలను ఈ శిక్షణ గుంపులో, ఎవరిని పోల్చి చూసే గుంపులో చేర్చాలన్నది చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించలేదు. పైగా ఆ పద్ధతిలో గట్టిగా కసరడం, తొడ మీద చరచడం కూడా భాగంగా ఉండేవి. మన కేంద్రాలలో నేటికీ వినిపించే ‘సిట్టింగ్ టాలరెన్స్’ (లేవకుండా కూర్చోవడం), ‘ఐ కాంటాక్ట్’ (కళ్లలోకి చూడటం) అనే లక్ష్యాలు చాలావరకు ఆ కాలపు వాసనలే.

ఆ తర్వాత ఈ రంగం చాలా దూరం వచ్చింది. ఇప్పుడు చిన్న పిల్లలకు ఎక్కువమంది నిపుణులు సూచించే పద్ధతుల్లో నేర్పడమన్నది ఆటలో, భోజనంలో, స్నానంలో కలిసిపోతుంది. పిల్లవాడు దేనివైపు మొగ్గితే పెద్దవాళ్లు దానివైపే వెళ్లి అక్కడ మాటను అందిస్తారు. బహుమతి కూడా ఆ పనిలోంచే వస్తుంది. ‘బంతి’ అన్న పిల్లవాడికి బంతి దొరకాలి గాని జంతిక కాదు. తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చే పద్ధతిని మన దేశంలో గోవాలోను, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లల మీద పరీక్షించారు. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు రెండు వారాలకొకసారి కుటుంబాన్ని కలిసి, తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి, దాన్ని ఆ తల్లికే చూపిస్తూ ఎక్కడ బిడ్డ ఆమెను పిలిచాడో, ఎక్కడ ఆమె గమనించలేదో మాట్లాడుకునేవారు. తల్లిదండ్రులు పిల్లల ఆటను అనుసరించడం, పిల్లలు తామే చొరవగా సంభాషణ మొదలుపెట్టడం రెండూ పెరిగాయని 2016లో ఫలితాలు వచ్చాయి. నెలకు 36,000 ఇచ్చుకోలేని కుటుంబాలకు చేయగలిగింది ఏమీ లేదనడం అందుకే తప్పని నేను భావిస్తాను.

ఇక ముంజేయి కొరుక్కోవడం. ఏ ప్రవర్తన అయినా పిల్లవాడికి ఏదో ఒక పని చేసిపెడుతుంది. ఎవరినైనా తనవైపు తిప్పుకోవడం, కావలసిన వస్తువు సంపాదించడం, ఇష్టం లేనిదాన్ని తప్పించుకోవడం, శరీరానికి కావలసిన స్పర్శో ఒత్తిడో పొందడం: సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటో రెండో దాని వెనుక ఉంటాయి. పైకి ఒకేలా కనిపించే కొరుకుడికి ఇద్దరు పిల్లల్లో రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. అందుకే ‘పట్టించుకోవద్దు’ అనే ఒకే మందు అందరికీ పనికిరాదు. మీ దృష్టి కోసం చేస్తున్న పనిని పట్టించుకోకపోతే మొదట కొన్నాళ్లు బాగా పెరిగి ఆ తర్వాత తగ్గవచ్చు. భయంతోనో నొప్పితోనో చేస్తున్నదాన్ని పట్టించుకోకపోతే, చెప్పినా ఎవరూ వినరన్న ఒక్క పాఠమే వాడికి అందుతుంది. ముందుగా పిప్పిపన్ను, చెవినొప్పి, మలబద్ధకం లేవని పిల్లల డాక్టరు చేత చూపించుకోండి. మాట లేని పిల్లల్లో ఇవి తరచుగా ‘ప్రవర్తన’ వేషం వేసుకుని వస్తాయి.

తర్వాత ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీసి, ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ వెంటనే ఏం జరిగింది అని రెండు వారాలు రాయండి. తేదీ, సమయం తప్పనిసరిగా వేయండి. ‘మొండి చేశాడు’ అని రాయవద్దు, ‘కుడి ముంజేయి రెండుసార్లు కొరికాడు’ అని రాయండి. ‘ముందు’ అన్న గడిలో ఆ నిమిషం సంగతి మాత్రమే కాక అరగంట వెనక్కి వెళ్లి రాయండి. కొరకని రోజులు ఉంటే, వాటిని కొరికిన రోజులకంటే శ్రద్ధగా రాయండి.

కేంద్రం గురించి ఒక్కటే చెబుతాను. మీ బాబుతో పనిచేస్తున్న వ్యక్తికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ రంగంలోని నిపుణులను నమోదు చేసే సంస్థ) నమోదు సంఖ్య ఉందేమో అడగండి. అలాగే వచ్చే మూడు నెలల లక్ష్యాలను రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఆ కాగితంలో ‘అడగడం’, ‘వద్దు అని చెప్పడం’, ‘దాహం తెలియజేయడం’ లాంటివి కాక కూర్చోవడం, చూడటం మాత్రమే ఉంటే, ఆ లక్ష్యాలు పిల్లవాడి కోసం రాసినవి కావు.


జవాబు 3
రాసినవారు: ఇద్దరు పిల్లల నాన్న, కర్నూలు

పైన రాసినవారి అనుభవాన్ని గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. మా అమ్మాయికి బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పిన పద్ధతే పనిచేసింది. నాలుగేళ్ల వయసులో ఆమె ఒక్కచోట అర నిమిషం నిలిచేది కాదు. రోడ్డు మీదకు ఉరికేది, గోడలెక్కేది, ఏ బడీ చేర్చుకునేది కాదు. ఏడాదిన్నర పాటు రోజూ రెండు గంటలు, మొదట బెల్లం ముక్కతో, తర్వాత స్టిక్కర్లతో, ఆ తర్వాత ఒట్టి ‘శభాష్’తో కూర్చోవడం నేర్పారు. ఈ రోజు మూడో తరగతి చదువుతోందంటే ఆ కూర్చోవడమే పునాది. ఏడుపు మా ఇంట్లోనూ ఉంది; మూడు వారాల తర్వాత ఆగింది. ఒక్క ఏడుపును చూసి తల్లిదండ్రులు భయపడి మానిపించేస్తే, దొరికిన ఒక్క కేంద్రం కూడా పోతుంది. హైదరాబాద్‌లో వందల కేంద్రాలు ఉండవచ్చు గాని మా లాంటి ఊళ్లలో ఎంచుకునే అవకాశం ఎక్కడుంది?


జవాబు 4
రాసినవారు: రిహాబ్ సైకాలజిస్ట్, సికింద్రాబాద్

కర్నూలు సోదరులు చెప్పింది కాదనలేనిది. బల్ల, కుర్చీ, బెల్లం ముక్క వాటంతట అవి తప్పు కావు; రోడ్డు మీదకు ఉరికే పిల్లకు నిలవడం నేర్పడం ప్రాణరక్షణే. పైగా మీ అమ్మాయి విషయంలో బెల్లం నుంచి స్టిక్కరుకు, స్టిక్కరు నుంచి మాటకు క్రమంగా మార్చుకుంటూ వచ్చారు. పద్ధతి తెలిసినవారు చేసే పని అదే. తేడా ఏడుపులోనూ ఉంది. మూడు వారాల్లో తగ్గుతూ వచ్చిన ఏడుపు వేరు, ఆరు నెలలు లేని ఏడుపు ఏడో నెలలో కొత్తగా మొదలై, చేతిని కొరుక్కునేదాకా పెరగడం వేరు. కొత్తగా మొదలైనదానికి కొత్త కారణం ఉంటుంది.


జవాబు 5
రాసినవారు: హెడ్‌ఫోన్స్ మనిషి, హైదరాబాద్

నేను ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రిని కాను, ఆటిజం ఉన్న మనిషిని. నా వయసు ఇరవై ఏడు. నాకు నిర్ధారణ అయింది ఇరవై రెండో ఏట, అది కూడా ఉద్యోగంలో చేరాక. చిన్నప్పుడు థెరపీ లేదు గాని, ఆ పని మా మాస్టార్లు బెత్తంతో చేశారు. ‘నేను మాట్లాడుతుంటే కిటికీలోకి చూస్తావా’ అని అడిగేవారు. కిటికీలోకి చూస్తేనే నాకు ఆయన పాఠం వినిపించేది. ముఖంలోకి చూస్తే కనుబొమలు కదలడం, పెదవి చివర తెల్లగా ఆరిపోవడం, కళ్లజోడులో ఫ్యాను తిరగడం కనిపించేవి. మాట మాత్రం ఆగిపోయేది. ఇప్పటికీ ఆఫీసులో ముఖ్యమైన విషయం చెప్పేవారి చేతుల వైపే చూస్తాను.

అమ్మగారికి నా మనవి ఒక్కటే. గడ్డం పట్టుకుని ముఖం తిప్పడాన్ని ఈ రోజే ఆపించండి. చేతులు ఆడించడం, ఊగడం లాంటివి ఎవరికీ దెబ్బ తగలనంత వరకు వదిలేయండి. అవి లోపలి హోరును తగ్గించుకోవడానికి మేము చేసుకునే ఏర్పాట్లు. ముంజేయి కొరుక్కోవడం మాత్రం అలాంటిది కాదు, దానికి కారణం వెతకాల్సిందే.


జవాబు 6
రాసినవారు: పరదేశి తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

ఇక్కడ ఆటిజం చికిత్సకు ఇన్సూరెన్స్ కట్టాలన్న నిబంధనలు 2019 నాటికి 50 రాష్ట్రాల్లోనూ వచ్చాయి. అందువల్ల మా సమస్య మీదానికి తలకిందులు. గంటలు కావలసినన్ని ఇస్తారు, వారానికి 30 అయినా కాదనరు. ఇంటికి వచ్చి పిల్లవాడితో కూర్చునేవారు మాత్రం కొద్దిపాటి శిక్షణ పొందిన టెక్నీషియన్లు. మా అబ్బాయికి రెండేళ్లలో ఏడుగురు మారారు. పర్యవేక్షించే నిపుణురాలు నెలకు కొన్ని గంటలే కనిపించేవారు. చివరికి మేము గంటలు సగానికి తగ్గించి, ఆ నిపుణురాలినే మాకు నేర్పమని అడిగాం. ఎక్కువ గంటలు కొంటే ఎక్కువ ఫలితం వస్తుందన్న లెక్క మా ఇంట్లో తప్పింది.

భారతదేశంలో కొన్ని కేంద్రాలు బిహేవియర్ థెరపీ నిపుణులకు అమెరికాలో ఇచ్చే బీసీబీఏ సర్టిఫికెట్ పేరు చెప్పుకుంటున్నాయి. దాన్ని ఇచ్చే బోర్డు భారతదేశంలో ఉండేవారి నుంచి 2023 జనవరి తర్వాత కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు కాబట్టి, ఎవరైనా నిన్న మొన్న వచ్చిందని చెబితే బోర్డు వెబ్‌సైటులో పేరు వెతికి చూసుకోండి.

విదేశాల్లో ఉన్న తెలుగువారి కోసం ఇంకొక మాట చెప్పి ఆపుతాను. మా అబ్బాయి మూడేళ్ల వయసులో ఒకరు మమ్మల్ని ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమన్నారు, రెండు భాషలైతే పిల్లవాడు తికమకపడతాడన్నారు. మేము నమ్మి ఏడాదిన్నర అలాగే చేశాం. ఆ ఏడాదిన్నరలో మా అమ్మ వీడియో కాల్‌లో మనవడితో అనగలిగినవి ‘హాయ్’, ‘బై’ మాత్రమే. రెండు భాషల ఇంట్లో పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలలేదని తర్వాత స్పీచ్ థెరపిస్టే చెప్పారు. ఇప్పుడు వాడికి ఆకలేస్తే తెలుగులోనే అడుగుతాడు, అది కూడా మా అమ్మ తెనాలి యాసలో.


జవాబు 7
రాసినవారు: భవిత టీచరు, నరసరావుపేట

డబ్బు సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సచివాలయంలో సదరం (వైకల్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష) స్లాట్ బుక్ చేసుకుంటే ప్రభుత్వాసుపత్రిలో పరీక్షిస్తారు. ఆటిజాన్ని కొలవడానికి అక్కడ వాడే భారతీయ కొలమానాన్ని సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని జాతీయ సంస్థలోనే తయారు చేశారు, దాన్ని ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. 40 శాతం లేదా అంతకు మించి అని ధ్రువీకరిస్తే పెన్షనుకు అర్హత వస్తుంది. మన రాష్ట్రంలో అది 2024 జూలై నుంచి నెలకు 6,000, తెలంగాణలో 4,016. చిన్న పిల్లలకు ధ్రువపత్రం తాత్కాలికంగానే ఇస్తారు కాబట్టి గడువు తేదీ చూసుకోండి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో సంవత్సరానికి లక్ష రూపాయల దాకా రక్షణ ఉంది, థెరపీ ఖర్చుకు కూడా అందులో కొంత పరిమితి మేరకు ఇస్తారు. జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాల్లోనూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ప్రభుత్వం నడిపే మా భవిత కేంద్రాల్లోనూ రుసుము లేదు. మా దగ్గర కొరత లేదని చెప్పను. ఒక్కొక్కరం చాలామంది పిల్లలను చూడాల్సి వస్తోంది, అయినా వచ్చి అడగండి.

ధ్రువపత్రం తీసుకుంటే పిల్లవాడి మీద ముద్ర పడుతుందని చాలామంది వెనకాడతారు. ఆ కాగితం మీ బీరువాలోనే ఉంటుంది. అదే సమయంలో స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఆటిజం పోతుందని చెప్పేవారికి మాత్రం లక్షలు కట్టి వస్తున్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు దాన్ని అనుమతించిన చికిత్సగా గుర్తించలేదు.


జవాబు 8
రాసినవారు: గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

పళ్లు, చెవులు చూపించాం, ఇబ్బంది ఏమీ లేదన్నారు. నోటు పుస్తకం రాయడం మొదలుపెట్టాక మొదటి వారం నాకేమీ అర్థం కాలేదు. సోమవారం కొరికాడు, మంగళవారం కొరికాడు, అంతే. కొరకని రోజులను శ్రద్ధగా రాయమన్నారు కాబట్టి రాస్తూ పోయాను. రెండో ఆదివారం సాయంత్రం 4.40కి ధవళేశ్వరం మా అమ్మగారింటికి బయలుదేరుతూ తాళం తీశాను, అప్పుడూ కొరికాడు. అమ్మగారి ఇల్లంటే వాడికి ప్రాణం. ఇష్టమైన చోటికి వెళ్తున్నా ఎందుకు కొరుక్కున్నాడని రాత్రంతా ఆలోచించాను. కేంద్రానికి వెళ్లాలన్నా, ధవళేశ్వరం వెళ్లాలన్నా తీసేది అదే తాళం, ఎక్కేది అదే స్కూటర్. కోటిపల్లి బస్టాండు దాకా దారి కూడా ఒకటే. బస్టాండు దాటాక బండి ఏ పక్కకు తిరుగుతుందో చూస్తే గాని ఎక్కడికి పోతున్నామో వాడికి తెలియదు. ఈ రెండు నెలల్లో కొత్తగా వచ్చిన మార్పు ఏమిటా అని వెతికితే అదీ దొరికింది. అంతకుముందు కేంద్రానికి ఆటోలో వెళ్లేవాళ్లం. ఫీజు పెరిగాక ఆటో మానేసి స్కూటర్ మీద తీసుకెళ్లడం మొదలుపెట్టాను. అంతవరకు స్కూటర్ అంటే అమ్మమ్మ ఇల్లే.

రెండు ఫోటోలు తీయించి, లామినేషన్ చేయించి, స్విచ్ బోర్డు పక్కన మేకులకు తగిలించాను. ఒకటి కేంద్రం గేటు, ఇంకొకటి అమ్మగారింటి అరుగు. బయలుదేరే పది నిమిషాల ముందు ఆ రోజు ఫోటో తీసి వాడి చేతికి ఇస్తున్నాను. మూడు వారాల్లో కొరికింది నాలుగుసార్లు. కేంద్రం ఫోటో ఇచ్చిన రోజు ఏడుస్తాడు, కాని కొరుక్కోవడం దాదాపు లేదు.

కేంద్రం వారితో మాట్లాడాను. గడ్డం పట్టుకోవడం ఆపుతామన్నారు, లక్ష్యాల కాగితం మాత్రం ఇంతవరకు ఇవ్వలేదు. రోజుకు మూడు గంటలను ఒక గంటకు తగ్గించి, ఆ గంటలో నేను లోపల కూర్చుంటున్నాను. ఆ అమ్మాయి చెడ్డది కాదు, ఆమెకు ఎవరూ సరిగ్గా నేర్పలేదంతే అని దగ్గర నుంచి చూశాక అనిపించింది. సదరం స్లాట్ వచ్చే నెల పన్నెండున దొరికింది. మా అత్తగారు వస అరగదీయడం మానలేదు గాని, ఫోటోలకు మేకులు కొట్టింది ఆవిడే.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. నిన్న మధ్యాహ్నం తనంతట తాను కుర్చీ జరుపుకుని, ఎక్కి, అరుగు ఫోటో తీసి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. వాడు నన్ను ఏదైనా అడగడం, చెయ్యి పట్టి లాగకుండా అడగడం అదే మొదటిసారి. కాని నిన్న వెళ్లడానికి వీల్లేదు, అమ్మ ఊళ్లో లేదు. ఆదివారం వెళ్దామని వాడికి ఎలా చెప్పాలో తెలియక ఫోటో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆదివారానికి ఫోటో ఎలా తీస్తారు?


జవాబు 9
రాసినవారు: ఓరుగల్లు అమ్మ, హనుమకొండ

పాత చీర ముక్కతో ఏడు జేబులున్న పట్టీ కుట్టండి. ఒక్కో జేబు ఒక్కో రంగు ఉంటే మంచిది, వాడికి వారాల పేర్లు అక్కర్లేదు. ఏ రోజుకు ఏ ఫోటోనో ఆ జేబులో పెట్టి, రాత్రి పడుకునే ముందు అయిపోయిన రోజు జేబు మీద మడత వాడి చేతే వేయించండి. వాడు అరుగు ఫోటో తెచ్చినప్పుడు చేతిలోంచి లాక్కోకుండా, వాడితోనే ఆదివారం జేబులో పెట్టించి, మధ్యలో ఇంకా ఎన్ని జేబులున్నాయో వేలితో తాకి చూపించండి. మొదటి రెండు మూడు రోజులు ఒప్పుకోడు, ఫోటో తీసి మళ్లీ మీ దగ్గరికే తెస్తాడు. తెచ్చిన ప్రతిసారీ తాకి చూపించండి.

ఒక్కటి మాత్రం మరవకండి. ఆదివారం జేబులో అరుగు ఫోటో పెట్టారంటే ఆదివారం ధవళేశ్వరం వెళ్లి తీరాలి, వాన పడినా సరే.